ఎర్ర దారం కట్టిన సీసా

సురంగల్‌లో కరుణమ్మ ఇంటి బోరు నీళ్ళకు వంక పెట్టిన మనిషి ఇంతవరకు లేడు. ఆ నీళ్ళతో పప్పు మెత్తగా ఉడుకుతుంది, చాయ్ రుచిగా ఉంటుంది, ఎండన పడి వచ్చి ఒక చెంబు తాగితే ప్రాణం లేచొస్తుంది. ప్రహరీకి అవతల అంతమ్మ ఇంట్లోనూ బోరు ఉంది. రెండు బోర్లకూ మధ్య ముప్పై అడుగులుంటే ఎక్కువ. అయినా అంతమ్మ బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు కషాయమే. కింద ఏ రాయి ఎక్కడ పగిలిందో, ఏ ఊట ఎటు తిరిగిందో భూమికే తెలియాలి.

అందుకే ఇరవై రెండేళ్ళుగా అంతమ్మ పొద్దున్నే ప్రహరీలో ఉన్న చిన్న గేటు తోసుకుని వచ్చి రెండు బిందెలు పట్టుకుపోతోంది. ఊరికే పట్టుకుపోదు. ఆమె భర్త అంతయ్య ఒకప్పుడు ద్రాక్షతోట వేసినవాడు. తోట తీసేసి గులాబీలు పెట్టాక కూడా ఇంటి ముందు పందిరికి ఒక్క తీగను మాత్రం ఉంచుకున్నాడు. ఈస్టర్‌కు ముందు వారంలో బుధవారం నాడు ఆ తీగ పండ్లు కోస్తారు. గంప కరుణమ్మ ఇంటికి వస్తుంది. గురువారం కరుణమ్మ తన బోరు నీళ్ళు పోసి ఆ పండ్లను కాచి, వడగట్టి, రసం తీస్తుంది. సాయంత్రం చర్చిలో ప్రభువు బల్ల మీద పెట్టి సంఘానికి ఇచ్చేది ఆ రసమే. పాస్టర్లు నలుగురు మారారు గానీ రసం మారలేదు. అంతమ్మ చర్చి మెట్టు ఎక్కిన మనిషి కాదు, అయినా ఆమె పండ్లు లేని బల్ల ఆ సంఘంలో ఎవరికీ గుర్తులేదు.

ఇక కరుణమ్మ సంగతి చెప్పాలి. మంచి మనిషే. చేతికి ఎముక లేదు. కానీ ఆమె అనుమానం ముందు పోలీసులు కూడా దిగదుడుపే. బస్సులో పక్కన కూర్చున్నవాడు రెండుసార్లు దగ్గితే సంచి ఒళ్ళోకి లాక్కుంటుంది. కోడలు కొత్త సబ్బు విప్పితే పాత సబ్బు ఏమైందని అడుగుతుంది. పాస్టరు గారు తప్పిపోయిన గొర్రె గురించి ప్రసంగం చేస్తే, ఆ గొర్రె ఎవరై ఉంటారా అని వెనక బెంచీల వైపు తిరిగి చూస్తుంది. అలాంటి మనిషి ఇంటికి, ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం మర్నాడు, మెడలో కార్డు వేసుకుని కుమార్ అనే కుర్రాడు వచ్చాడు.

నీళ్ళ ఫిల్టర్లు అమ్మే కంపెనీ మనిషి. ముందు అంతమ్మ ఇంటికి వెళ్ళి, అక్కడి నుంచి ఇటు వచ్చాడు. చేతిలో అట్టపెట్టె అంత మెషీను, చంకలో ఒక ఆకుపచ్చ సీసా. మెషీను నుంచి రెండు జతల ఇనుప కడ్డీలు కిందికి వేలాడుతున్నాయి.

"అమ్మా, ఫ్రీ టెస్టు. అయిదు నిమిషాలు. మీరు తాగే నీళ్ళు ఎట్లున్నయో మీ కండ్లతోని మీరే చూడుండ్రి."

ఉచితం అన్న మాట వింటే కరుణమ్మకు ఒళ్ళంతా చెవులే. "ఎందుకు ఫ్రీ?" అంది వెంటనే.

"మీ ఆరోగ్యం కోసమే అమ్మా."

నా ఆరోగ్యంతో వీడికేం పని అనుకుంది గానీ, తన నీళ్ళ మీద ఆమెకున్న ధీమా వేరు. చూడనీ, చూసి సిగ్గుపడి పోనీ అని గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చింది. కుమార్ ఇంకో గ్లాసులో ఆకుపచ్చ సీసా నీళ్ళు పోశాడు. "ఇవి మీ పక్కింటివి. వాళ్ళ కోడలు ఇచ్చింది" అన్నాడు. ఒక్కో గ్లాసులో ఒక్కో జత కడ్డీలు ముంచి, ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేశాడు.

ముందు ఏమీ కాలేదు. తర్వాత కరుణమ్మ గ్లాసులో ఒక కడ్డీ చుట్టూ ఆకుపచ్చని మబ్బు లేచింది. మబ్బు చిక్కబడింది, పసుపైంది, తుప్పు రంగు తిరిగింది. మూడు నిమిషాల్లో గ్లాసంతా మోరీ నీళ్ళలాగా తయారై, పైన నురుగు, అడుగున నల్లటి మడ్డి. పక్క గ్లాసులో అంతమ్మ ఇంటి నీళ్ళు మాత్రం పోసినవి పోసినట్టే తేటగా ఉన్నాయి.

"ఇదమ్మా మీరు రోజూ తాగేది" అన్నాడు కుమార్, దుఃఖవార్త చెప్పినట్టు.

ఇరవై రెండేళ్ళుగా తాను మొగుడికి, కొడుక్కి, ప్రభువు బల్లకు పోసినవి ఈ నీళ్ళేనా? "బుధవారం వచ్చి ఫిల్టర్ పెట్టిపో నాయనా" అని మాత్రం అనగలిగింది కరుణమ్మ. కుమార్ మెషీను సర్దుకుని పోతూ, వాపసు ఇయ్యుండ్రి అని ఆకుపచ్చ సీసాను అరుగు మీద పెట్టి వెళ్ళాడు.

అతను పోయాక ఆమె బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. అదే వచ్చిన చిక్కు.

ఉప్పు బోరున్న అంతమ్మ ఇంట్లో తాగే నీళ్ళంటే తన బోరు నీళ్ళే కావాలి. తన నీళ్ళు ఇక్కడ నల్లబడి, అక్కడ తేటగా ఎట్లుంటాయి? అంటే అంతమ్మ వాళ్ళు తాగుతున్నవి ఇవి కావు. అప్పుడు గుర్తొచ్చింది. శనివారం అంతమ్మ బిందెలతో రాలేదు. ఆదివారమూ రాలేదు. ఈ రోజూ రాలేదు. కరుణమ్మ ప్రహరీ మీంచి తొంగి చూసింది. అంతమ్మ వరండాలో, ఎన్నడూ లేనిది, కొన్న నీళ్ళ నీలం క్యాను కూర్చుని ఉంది.

ఎవరైనా పక్కింట్లో మంచినీళ్ళున్నా తాగకుండా నీళ్ళెప్పుడు కొంటారు? ఆ నీళ్ళలో ఏదో ఉందని ముందే తెలిసినప్పుడు.

ఇక ఒక్కటొక్కటే కదిలి వచ్చాయి. పదిహేను రోజుల కింద అంతయ్య చేవెళ్ళ నుంచి యాసిడ్ క్యాన్లు తెచ్చాడు. గులాబీల డ్రిప్పు పైపులు తెల్లగా గడ్డకట్టాయని, కడగాలని అన్నాడు. ఆ పైపులు తన బోరుకు ఎంత దూరం? ఇరవై అడుగులు. తన కరివేపాకు చెట్టు ఎండిపోతున్నది ఎప్పటి నుంచి? ఇంచుమించు అప్పటి నుంచే. తన భర్త యోసేపుకు కడుపు మంట ఎప్పుడు మొదలైంది? పోయిన వారమే. నల్లకోడి చచ్చింది ఎప్పుడు? అది సంక్రాంతికి ముందే చచ్చింది గానీ, ఆ క్షణంలో కరుణమ్మ దాన్ని కూడా ఈ పద్దులోనే వేసుకుంది.

అన్నిటికీ మించి ఆ ఆకుపచ్చ సీసా. మెడకు ఎర్ర దారం మూడు చుట్లు చుట్టి, గట్టిగా ముడి వేసి ఉంది. నీళ్ళ సీసాకు దారం ఎందుకు? క్రైస్తవురాలు కాబట్టి మంత్రాలూ తంత్రాలూ నమ్మదు. నమ్మదు గానీ, ఆ సీసాను చేత్తో ముట్టుకోకుండా పట్టకారుతో పట్టి రేకుల కొట్టంలో పెట్టి తలుపు వేసింది.

యోసేపు పొలం నుంచి వచ్చాక అంతా చెప్పింది. నోట్లో నాలుక లేని మనిషి. సాంతం విని, "నా కడుపు మంటకు మొయినాబాద్ బస్టాండ్ల మిర్చి బజ్జీలు కారణమేమోనే" అన్నాడు.

"ఎన్ని తిన్నవు?"

"ఆరు."

"ఆరు బజ్జీలకు వారం దినాలు మంట లేస్తదా? నీకేం తెల్వదు, నువ్వూకో" అంది. కోడలి చెవిన మాత్రం అప్పుడే వేయలేదు. ఆ రాత్రి ఆమె కంటి మీద కునుకు లేదు.

మంగళవారం పొద్దున లేస్తూనే నల్లాకు బెండు కొట్టి, చిన్న గేటుకు తాళం వేసింది. అంతమ్మ వరండాలో అలికిడి కాగానే ప్రహరీ దగ్గరికి పోయి నిలబడింది. అంతమ్మ స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉంది. ఎందుకు పట్టుకుందో కరుణమ్మ చూడలేదు. ముఖంలో దొంగతనం వెతికే పనిలో ఉంది మరి.

"మూడొద్దులాయె, నీళ్ళకు ఎందుకు వస్తలేవక్కా?" అంది.

"గిట్లనే, జర పని పడ్డది" అంది అంతమ్మ చూపు తప్పిస్తూ.

ఆ చూపు తప్పించడమే కరుణమ్మకు సాక్ష్యం. "పనా? క్యాన్లు కొనుక్కునే పనా? మా నీళ్ళు నీకెందుకు పనికి రాకుండ పోయినయో చెప్పు. మీ ఆయన పోసిన యాసిడు మా బోర్ల దిగిందని నీకు తెల్సు. తెల్సి నువ్వు తాగుడు బంద్ వెట్టినవు. మాకు మాత్రం ఒక్క మాట చెప్పలె."

అంతమ్మ స్తంభాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "ఏమంటున్నవే? నీ నీళ్ళల్ల నేను విషం కలిపిన్నా?"

"నేను విషమని అన్ననా? నీ నోట్లెకెల్లి నువ్వే అంటున్నవ్. ఇగ మా నల్లా కాడికి రాకు. నీ పండ్లు గూడ మాకొద్దు."

అంతమ్మ ఏదో అనబోయి మానుకుంది. కాసేపు కరుణమ్మను అట్లాగే చూసి, గోడ పట్టుకుని మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది. తప్పు లేనిదైతే ఎదురు తిరిగేది కాదా అనుకుంది కరుణమ్మ. అనుమానపు మనిషికి అవతలివాళ్ళు అరిచినా రుజువే, మౌనంగా ఉన్నా రుజువే.

అంతటితో ఆగినా బాగుండేది. మధ్యాహ్నం పాస్టరమ్మకు ఫోన్ చేసి, ఈసారి ద్రాక్షరసం మొయినాబాద్ దుకాణంలో కొనండి, మా నీళ్ళు చెడిపోయాయని చెప్పింది. ఎట్లా చెడిపోయాయని పాస్టరమ్మ అడిగింది. "నేను ఎవ్వరి పేరు చెప్పనమ్మా" అని, అదే ఊపిరిలో అంతయ్య పేరు, యాసిడ్ పేరు, ఎర్ర దారం సంగతి అన్నీ చెప్పింది. సాయంత్రానికి సురంగల్‌లో సగం ఊరికి అంతమ్మ బోరులో విషం కలిపిందని తెలిసిపోయింది. మిగతా సగానికి అప్పటికే తెలుసు.

కోడలు ప్రేమజ్యోతి ఆరింటికి ఇల్లు చేరింది. మొయినాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకుంటుంది. బస్సు దిగి ఇంటికి వచ్చేలోపే ముగ్గురు ఆపి అడిగారట. అత్త చెప్పిందంతా విని, పెరట్లో పారబోయకుండా సాక్ష్యంగా దాచిన నల్ల గ్లాసును వెలుతురుకు పట్టి చూసింది.

"ఇది తుప్పు అత్తమ్మా. నీళ్ళది కాదు. ఆ పిల్లగాని కడ్డీలది."

"కడ్డీలదైతే అంతమ్మ నీళ్ళల్ల ఎందుకు రాలే? అండ్ల గూడ గవే కడ్డీలు వెట్టిండు."

"అవి ఏం నీళ్ళో నాకు సమజైతలేదు. అవి మాత్రం మామూలు నీళ్ళు కావు."

కరుణమ్మకు ఇప్పుడు కోడలి మీదే అనుమానం వచ్చింది. రోజూ పొద్దున అంతమ్మ ఇచ్చే గులాబీ జడలో పెట్టుకుని డ్యూటీకి పోయే పిల్ల. అటు మాట్లాడక ఇటు మాట్లాడుతుందా? "నువ్వు ఎప్పుడూ ఆమె దిక్కే" అనేసింది. ప్రేమజ్యోతికి ముక్కు మీద కోపం. అయినా దిగమింగుకుంది. "రేపు ఆ పిల్లగాడు వస్తడు కదా. నేను సగం రోజు సెలవు వెడ్త. మీ చేతితోనే చేసి చూడుండ్రి. అప్పుడన్న నమ్ముతరో లేదో."

బుధవారం పదింటికి కుమార్ ఫిల్టర్ డబ్బాతో వచ్చాడు. ప్రేమజ్యోతి అతన్ని ఫిల్టర్ విప్పనివ్వలేదు. మెషీను తెప్పించి అరుగు మీద పెట్టించింది. కొట్టంలోంచి ఆకుపచ్చ సీసా తెచ్చి, మిగిలిన నీళ్ళు ఒక గ్లాసులో పోసి, కడ్డీలు ముంచి స్విచ్చి వేసింది. మూడు నిమిషాలు గడిచాయి. నీళ్ళు తేటగానే ఉన్నాయి.

"చూసినవా!" అంది కరుణమ్మ, గెలిచినట్టు.

"చూసిన. ఇప్పుడు మీరు లోపలికి పోయి మన ఉప్పుడబ్బాల నుంచి నాలుగు రవ్వలు తెచ్చి ఇండ్ల వేయుండ్రి. నేను ముట్ట. ఈ పిల్లగాడు ముట్టడు."

కరుణమ్మ అనుమానంగానే వెళ్ళింది. డబ్బా మూత తెరిచినవాళ్ళెవరూ లేరని చూసుకుంది. చిటికెడు ఉప్పు తెచ్చి గ్లాసులో వేసి, కడ్డీల మీదే కన్ను పెట్టి నిలబడింది.

పది లెక్కపెట్టేలోగా ఒక కడ్డీ చుట్టూ ఆకుపచ్చ మబ్బు లేచింది. తర్వాత పసుపు, ఆ తర్వాత తుప్పు రంగు. సోమవారం తన గ్లాసులో ఏం జరిగిందో అదే, ఇంకా వేగంగా. తన వంటింటి ఉప్పు, రోజూ కూరలో వేసే ఉప్పు, అంత తేట నీళ్ళను మోరీ చేసి పెట్టింది.

"ఉప్పుల గూడ విషముందా అత్తమ్మా?" అంది ప్రేమజ్యోతి.

కరుణమ్మ ఉప్పు అంటిన తన వేళ్ళను చూసుకుంది. కుమార్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

ప్రేమజ్యోతి అరుగు మీద కూర్చుని, ల్యాబులో పిల్లలకు చెప్పినట్టు కాకుండా, ఇంట్లో మాట్లాడినట్టే చెప్పింది. ఏ వస్తువైనా పరమాణువులతోనే తయారవుతుంది. పరమాణువు నడుమ ప్లస్సు ఉంటుంది, చుట్టూ ఎలక్ట్రాన్లనే మైనస్సులు తిరుగుతుంటాయి. రెండూ సమానంగా ఉన్నంతసేపు దానికి కరెంటుతో పనిలేదు. ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే ప్లస్సు మిగులుతుంది. ఒకటి ఎక్కువ తీసుకుంటే మైనస్సు మిగులుతుంది. అట్లా మిగిలినదాన్నే అయాన్ అంటారు.

"ఉప్పుల సోడియం తన ఎలక్ట్రాన్ ఒకటి ఇచ్చేసింది. క్లోరిన్ తీసుకున్నది. నీళ్ళల్ల వేస్తే రెండూ విడివడి తిరుగుతయి. అవి తిరిగితేనే నీళ్ళల్లకెల్లి కరెంటు పోతది. మన బోరు నీళ్ళల్ల రాళ్ళ నుంచి కరిగిన కాల్షియం, మెగ్నీషియం గిట్లనే ఉంటయి. మన నీళ్ళకు రుచి అందుకే. అంతయ్య మామ పైపులల్ల తెల్లగ గడ్డకట్టేది గూడ గదే."

"మరి ఈ నలుపు?"

"కరెంటు పోయినప్పుడు ప్లస్సుకు కట్టిన కడ్డీల ఇనుము ఎలక్ట్రాన్లు పోగొట్టుకొని, తను గూడ అయాన్ అయి నీళ్ళల్లకు దిగుతది. దిగి తుప్పవుతది. నీళ్ళ అణువులు గూడ విడిపోతయి గని, వాటంతట అవి విడిపోయేటివి కోట్లల్ల ఒకటో రెండో. గంతటితోని కరెంటు పోదు. అందుకే ఏమీ కలువని నీళ్ళల్ల కడ్డీ కడ్డీ లెక్కనే ఉంటది." కుమార్ వైపు తిరిగింది. "నీ కడ్డీలు చూపెట్టు తమ్మీ."

కుమార్ కడ్డీలు పైకి లేపాడు. ఒక జతలో ఒక కడ్డీ చెదలు తిన్నట్టు గుంతలు పడి సన్నబడి ఉంది. "నెలకోసారి మారుస్తమక్కా" అన్నాడు నెమ్మదిగా. "ఎందుకు అరుగుతయని అడిగిన. నీళ్ళు ఖరాబుంటే అరుగుతయన్నరు. మా అమ్మ ఊర్ల బాయి నీళ్ళు తాగేది. నేనే మాన్పిచ్చిన." ఆ కుర్రాడి ముఖం చూస్తే వాడూ మోసపోయినవాడే అని కరుణమ్మకు సైతం అనిపించింది. ఆమెకు ఇంకో మనిషి మీద అనుమానం పోవడం అంటే చిన్న విషయం కాదు.

కానీ ఒకటి మిగిలే ఉంది. "అంతమ్మ ఇంట్లకు ఏమీ కలువని నీళ్ళు ఏడికెల్లి వచ్చినయి? ఆ ఎర్ర దారం ఏంది?"

జవాబు ప్రహరీ అవతల నుంచి వచ్చింది. అంతమ్మ కోడలు వనిత, అయిదో నెల కడుపుతో, తాళం వేసిన చిన్న గేటు దగ్గర నిలబడి ఉంది. లోపలికి రావాలా వద్దా అన్నట్టు ముఖం పెట్టి, "చిన్నత్తా, జర మా సీసా ఇస్తవా?" అంది. "ఇన్వర్టర్ పొద్దటి నుంచి కుయ్యో అని ఒర్లుతున్నది. అవి బ్యాటరీల పోసే నీళ్ళంట. అత్తమ్మ ఫామ్‌హౌస్‌ల పనికి పోతది గద, ఆడ ఏసీ నుంచి కారిన నీళ్ళు పట్టుకొస్తదంట. ఎవ్వలు తాగొద్దని మూతికి ఎర్ర దారం కడ్తదంట. నాకు తెల్వదాయె. క్యాను లేపబుద్ధి గాక, కిటికీల ఉన్న సీసా ఎత్తి ఆ అన్నకిచ్చిన."

ఏసీ నుంచి కారిన నీళ్ళు. ప్రేమజ్యోతి నుదుటి మీద కొట్టుకుంది. "గాలిల తేమ చుక్కలై కారిన నీళ్ళు అత్తమ్మా. వాటిల ఏముంటది? బ్యాటరీల పొయ్యనీకే అవి మంచియి."

"మరి క్యాను ఎందుకు?" అంది కరుణమ్మ.

"అత్తమ్మకు శుక్రవారం మోకాలు వాచింది. నడువ రాలేదు. సోమవారం చేవెళ్ళకు తోలుకపోయి సూది ఇప్పిచ్చినం. నన్ను బరువు లేపొద్దన్నరు. మగోళ్ళు బిందెలెత్తరు గద. నీకు చెప్పుదమంటే అత్తమ్మ చెప్పనియ్యలె. చెప్తే నువ్వే మోసుకొస్తవట, నీ నడుము అసలే మంచిగ లేదట."

కరుణమ్మకు స్తంభం గుర్తొచ్చింది. అంతమ్మ ఎందుకు అంత గట్టిగా పట్టుకుందో, చూపు ఎందుకు తప్పించిందో, గోడ పట్టుకుని ఎందుకు పోయిందో. మొత్తం కళ్ళముందే జరిగింది. సిగ్గుతో ఆమె ఒళ్ళు చచ్చిపోయింది. ఏడుపు కూడా రాలేదు.

వనితకు సీసా ఇవ్వబోతే అందులో నీళ్ళు లేవు. ప్రేమజ్యోతి అక్కడున్న గ్లాసును చూసి, కాలేజీ నుంచి డిస్టిల్డ్ వాటర్ తెచ్చిస్తానని చెప్పి పంపింది. కుమార్ ఫిల్టర్ డబ్బా విప్పకుండానే బండికి కట్టుకుని, ఎటు పోవాలో తోచనివాడిలా కాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు.

"ప్రేమా" అంది కరుణమ్మ. "ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము మళ్ళ ఇనుము అయితదా?"

ఎప్పుడూ ఇటువంటివి అడగని అత్త అడిగేసరికి ప్రేమజ్యోతి ఆగి చూసింది. "అయితది. ఎవరన్న తిరిగి ఇయ్యాలె. దానంతట అది కాదు."

కరుణమ్మ ముందు పాస్టరమ్మకు ఫోన్ చేసింది. "నేను నిన్న చెప్పిందంతా అబద్ధమమ్మా. నా నోరు పడిపోను. ఎవ్వలెవ్వలికి చెప్పిన్రో వాళ్ళందరికీ నేనే తప్పు చేసిన్నని చెప్పుండ్రి" అంది. అయితే రేపు రసం కాస్తావా అని పాస్టరమ్మ అడిగింది. "లేదమ్మా, దుకాణంల సీసానే తెండి. పండ్లు అడిగే మొఖం నాకు లేదు" అని పెట్టేసింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ప్రభువు బల్ల మీద కొన్న సీసా ఉండబోతోంది. అది తన చేతులారా చేసుకున్నది.

తర్వాత నల్లాకు కొట్టిన బెండు పీకి, బిందె తోమి, నిండా పట్టింది. గేటు తాళం తీసింది. నడుము కలుక్కుమన్నా లెక్కచేయకుండా బిందె చంకకెత్తుకుని, ఆ చేత్తో దాన్ని అదిమి పట్టి, ఈ చేత్తో ఖాళీ ఆకుపచ్చ సీసా పట్టుకుని, ప్రహరీ దాటింది. ఇన్నేళ్ళలో అటు నుంచి ఇటు నీళ్ళకు వచ్చినవాళ్ళే గానీ, ఇటు నుంచి అటు బిందె మోసుకుపోవడం ఇదే మొదలు.

అంతమ్మ లోపల మంచం మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. మోకాలికి పసుపూ సున్నం పట్టు వేసి ఉంది. కాలు ఇంత లావు వాచి ఉంది. ఊళ్ళో మాట ఆమెదాకా వచ్చిందని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఏంది గది?" అంది బిందెను చూసి.

"నీళ్ళక్కా" అంటూ కరుణమ్మ బిందెను మంచం పక్కన దించింది.

"ఎవ్వలికి?"

"నీకే."

అంతమ్మ బిందెను చూసింది. కరుణమ్మను చూసింది. మళ్ళీ బిందెలోకి వంగి చూసింది. సోమవారం కరుణమ్మ గ్లాసులోకి ఎట్లా చూసిందో అట్లాగే. "ముందుగాల నువ్వు తాగు" అంది.

ఇరవై రెండేళ్ళుగా అంతమ్మ కళ్ళు మూసుకుని తాగిన నీళ్ళు. కానీ ఏం అనడానికి కరుణమ్మకు నోరుంది? సీసా కింద పెట్టి, గూట్లోంచి చెంబు తీసి, బిందెలో ముంచి, ఎత్తి గటగటా తాగింది.

"ఇంకోటి" అంది అంతమ్మ.

ఇంకో చెంబు తాగింది. అంతమ్మ రెప్ప వేయకుండా చూస్తోంది. మూడో చెంబు సగంలో కరుణమ్మకు ఎక్కిళ్ళు వచ్చాయి, నీళ్ళు జాకెట్టు మీద ఒలికాయి, వాటితోపాటు కళ్ళనీళ్ళూ వచ్చాయి. "తప్పయిందక్కా" అంది. "నీ కాలు నేను చూడలె. నిన్నే దొంగను చేసిన."

కరుణమ్మ ముక్కు తుడుచుకుని, నాలుగోసారి చెంబు బిందెలో ముంచింది.

"ఇగ సాలు తియ్యే" అంది అంతమ్మ విసుగ్గా. "ఉన్నయన్నీ నువ్వే తాగి కూసుంటే, పండ్లు దేనితోని కడుగుతవ్?"

కరుణమ్మకు ముందు అర్థం కాలేదు. అంతమ్మ గడ్డంతో మంచం కిందికి చూపించింది. అక్కడ తడిగుడ్డ కప్పిన గంప ఉంది. బుధవారం కదా, పొద్దున్నే కోయించి పెట్టింది.

కరుణమ్మ చెంబు కింద పెట్టి, వంగి, గంపను బయటికి లాగింది.